రాయగడ అడ్రసు పట్టుకుని బోరిగుమ్మ దాకా

ఈ ప్రయాణం సరదాకి చేసింది కాదు. రెండువేల ఐదు వేసవి మొదట్లో నేను విశాఖపట్నంలో ఒక పరిశోధనకు ఫీల్డు పని చేసేదాన్ని. చిన్నపిల్లలకు వచ్చే మొదటి రకం మధుమేహం ఎందుకు వస్తోంది, ఏటేటా ఎక్కువవుతోందా అన్నది మా డాక్టర్లు తేల్చాలనుకున్న విషయం. ఇది తీపి తింటే వచ్చే జబ్బు కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడి, క్లోమ గ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను పాడుచేస్తుంది. ఎందుకు పొరబడుతుందో ఎవరికీ పూర్తిగా తెలీదు. రోజూ ఇన్సులిన్ సూది పడకపోతే బిడ్డ బతకదు, అది మాత్రం అందరికీ తెలుసు. రిజిస్టరులో ఉన్న పిల్లల ఇళ్లకు వెళ్లి పద్నాలుగు పేజీల ప్రశ్నపత్రం నింపుకు రావడం నా పని. ఆ నెల నా వంతుకు వచ్చిన పేరు గౌరి. పదకొండేళ్లు, రాయగడ. రెండుసార్లు చెకప్‌కి రాలేదు.

శుక్రవారం పొద్దున విశాఖలో ప్యాసింజరు ఎక్కాను. టికెట్ ముప్పై రూపాయల లోపే. పార్వతీపురం దాటాక కొండలు దగ్గరవుతాయి, కిటికీ పక్కన చోటు దొరికితే బాగుంటుంది. నాకు దొరకలేదు. పదకొండింటికి చేరాల్సిన బండి పన్నెండున్నరకు రాయగడ చేరింది. స్టేషను బయట బండి దగ్గర రెండు వడలు తిని, రిక్షాకు పది రూపాయలిచ్చి, రిజిస్టరులో రాసిన కిరాణా కొట్టుకు వెళ్లాను. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన గౌరి పెదనాన్న. పిల్లేదండీ అని అడిగితే, ఎంతో మామూలు విషయంలా చెప్పాడు.

"మా తమ్ముడి కూతురండి. ఇక్కడుండదు, జయపురం అవతల బోరిగుమ్మలో ఉంటాది. రాయగడ అని రాయిస్తే పెద్దూరోళ్లని ఆస్పత్రిలో బాగా సూస్తారని అలగ రాయించేం."

నెత్తి బాదుకోవాలనిపించింది. ఏ ఊళ్లో ఈ జబ్బు ఎక్కువగా ఉందో చూడటానికి మా ఆఫీసు గోడమీద ఒక మ్యాపు ఉంది. అందులో రాయగడ మీద గౌరి పేరుతో ఒక ఎర్ర గుండుసూది ఆరు నెలలుగా దర్జాగా నిలబడి ఉంది. రాయగడ నీళ్ల గురించి, గాలి గురించి మేం చేసిన చర్చలన్నీ గుర్తొచ్చి ఒళ్లు మండింది. పోనీ, తిరుగుబండికి వెళ్లిపోయి అడ్రసు తప్పని రాసేద్దామా అనుకుంటుండగా పెద్దాయన ఇంకో మాటన్నాడు.

"అయినా ఆ సూది పన్జెయ్యటం నేదండి. పిల్ల ఎండిపోతంది. ఆదివారం కాడ్నుంచి సూది మానిపించేసి పసరు మందు మొదలెడతానంటన్నాడు మా తమ్ముడు."

ఆదివారం అంటే ఎల్లుండి. సూది మానేస్తే వారం కూడా గడవదు. పక్కనున్న ఎస్టీడీ బూత్ నుంచి బోరిగుమ్మలో ఆ తమ్ముడి కొట్టుకు ఫోన్ చేస్తే లైను కలవలేదు. కొరాపుట్ రైలు మూడు గంటలు లేటన్నారు. బస్టాండుకు పరిగెత్తి, ఒంటిగంటన్నరకు జయపురం బస్సు పట్టుకున్నాను. టికెట్ డెబ్బై అయిదు. ఈ దారి చాలా అందంగా ఉంటుందని చాలామంది రాస్తారు, నిజమే. లక్ష్మీపురం దాటాక ఘాటీ మలుపుల్లో చెట్ల కింద ఇప్పపూలు ఏరుతున్న ఆడవాళ్లు కనిపిస్తారు. కానీ టైరు పంక్చరై గంటన్నర ఆగినప్పుడు ఆ అందం నా కంటికేం ఆనలేదు. కొరాపుట్ మీదుగా జయపురం చేరేసరికి చీకటి పడింది. బోరిగుమ్మకు ఇక బండ్లు లేవన్నారు. నూటయాభై రూపాయల లాడ్జిలో పడుకున్నాను.

శనివారం ఆరింటికల్లా బస్టాండు బయట జీపు ఎక్కాను. తలకు ఇరవై రూపాయలు. పదిమందిమి ఎక్కి కూర్చున్నా డ్రైవరు కదలడు.

"ఇంకిద్దరు రావాలండి."

"ఒక పిల్ల ప్రాణం మీదికొచ్చిందయ్యా!"

"మీరేటి డాక్టరా?"

"కాదు. ప్రశ్నలు అడగడానికి వెళ్తున్నాను."

"ప్రశ్నలకేటి తొందరమ్మా!" అని నవ్వాడు. ఆ ఇద్దరి డబ్బులు నేనే ఇస్తే అప్పుడు కదిలాడు.

ఏడున్నరకు బోరిగుమ్మలో కొట్టు దొరికింది. ముందు భాగంలో బియ్యం, పప్పులు, కూల్‌డ్రింకులు. గుమ్మం పక్కన గాజుమూత ఐస్‌క్రీం పెట్టె. వెనక ఇల్లు. గౌరి తండ్రి సూర్యనారాయణ మర్యాదగా కుర్చీ వేశాడు. పిల్ల గోడకు ఆనుకుని కూర్చుంది. గౌను భుజాల మీంచి జారిపోతోంది. ఆగకుండా నీళ్లు తాగుతోంది. ఆ క్షణంలో నేను చేయాల్సిన పని ఒకటి, చేసిన పని ఇంకొకటి. ప్రశ్నపత్రం వరస తప్పకూడదని మాకు నూరిపోశారు, రక్తపరీక్ష చివరి పేజీలో ఉంది. నలభై నిమిషాలపాటు, ఆవుపాలు ఎన్నో నెలలో పట్టారు, జబ్బుకు ముందు జ్వరం వచ్చిందా, మేనరికమా అని అడుగుతూ కూర్చున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు.

తొమ్మిదో పేజీలో, పిల్ల ఎవరూ చూడకుండా తీపి తింటుందా అన్న ప్రశ్నకు నానమ్మ చిట్టెమ్మ జవాబు చెప్పింది.

"తినకపోతే సుగర్ ఎలగ పెరుగుతాదండి? బెల్లం కుండకి తాళమేసేను. అయినా ఎక్కడ్నించో తింటంది, దొంగముండ."

"నేను తిన్నేదు నానమ్మా" అంది గౌరి. ఎవరూ పట్టించుకోలేదు. నేనూ 'అవును' అని పెన్నుతో రాసుకున్నాను.

అప్పుడే తల్లి లక్ష్మి, సూది వేళయిందంటూ కొట్టులోకి వెళ్లింది. ఐస్‌క్రీం పెట్టె మూత తీసి, పుల్ల ఐసులు పక్కకు జరిపి, అడుగునుంచి ఒక సీసా తీసింది. దానికి పట్టిన మంచును గోటితో గీకింది. తర్వాత చంకలో పెట్టుకుని కరిగేదాకా నిలబడింది.

సీసా తీసుకుని చూస్తే, సమంగా పాలలా ఉండాల్సిన మందు విరిగిపోయి గాజుకు పలుకులుగా అంటుకుని ఉంది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా మునుపటి మందు కాదు, సత్తువ పోతుంది. రెండు నెలలుగా ఈ పిల్లకు రోజూ రెండుపూటలా సూది గుచ్చుతూనే ఉన్నారు, అందులో మిగిలిన కాస్త సత్తువే పిల్లకు అందుతోంది.

"ఎందుకండీ ఇందులో పెట్టారు?" అని అరిచాను.

సూర్యనారాయణ బిత్తరపోయాడు. "సల్లగా ఉంచమన్నారు గదండీ. ఇంతకన్నా సల్లటి జాగా బోరిగుమ్మ మొత్తంమీద ఎక్కడుంటాది? మాటిమాటికీ వైజాగు రాలేం, సరుకు తెచ్చినట్టే రెణ్ణెల్ల కితం పెట్టె మొత్తం ఒక్కసారే తెచ్చేసేను. పాడవకూడదనే గదా..."

ఆయన్ని తిడదామని తెరిచిన నోరు మూసేశాను. చల్లగా ఉంచండి అని ఆస్పత్రిలో ఆయనకు చెప్పింది మా వాళ్లే. ఎంత చల్లగానో ఎవరూ చెప్పలేదు. వరస పక్కనపెట్టి సంచిలోంచి మీటరు తీసి పరీక్ష చేస్తే, అంకె రాలేదు. అంత ఎక్కువుంటే అంకెకు బదులు 'హై' అనే మాట వస్తుంది. పిల్ల ఊపిరిలో మాగిన పండు వాసన, ఇన్సులిన్ అందక రక్తం విషమవుతోందనడానికి గుర్తు. జీపు మాట్లాడుకుని, మూడువందల యాభైకి, గంటలో జయపురం ఆస్పత్రికి చేర్చాం. నానమ్మ దారి పొడవునా పిల్ల తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డాక్టరు సెలైను ఎక్కించి, మందుల షాపు ఫ్రిజ్‌లోంచి తెచ్చిన కొత్త సీసాతో ఇన్సులిన్ మొదలుపెట్టాడు. మధ్యాహ్నం రెండింటికి మీటరు అంకె చూపించింది. నాలుగింటికి ఆ అంకె ఇంకా దిగింది. ఆ అంకె చూసి నేను ఏడ్చేశాను, దాచుకోవడం దేనికి.

సాయంత్రం గౌరి కళ్లు తెరిచి నన్ను దగ్గరకు పిలిచింది. "మేడంగారూ, నేను దొంగతనంగా తింటన్నానని మీ కాయితంలో రాసేరు గదా. అది కొట్టెయ్యరా?"

ప్రశ్నపత్రంలో కొట్టివేతలుంటే మా ఆఫీసులో ఆ కాగితం చెల్లదు. తొమ్మిదో పేజీ తీసి, 'అవును' మీద అడ్డంగా గీత గీసి, పెన్ను పిల్ల చేతికిచ్చాను. సెలైను లేని చేత్తో వంకరటింకరగా 'లేదు' అని రాసింది. చిట్టెమ్మకు చదువు రాదు. "ఏటి రాసేవే అమ్మి?" అని అడిగింది. గౌరి చదివి వినిపించింది. ముసలావిడ నడుముకున్న బెల్లం కుండ తాళంచెవి విప్పి, కోడలి చేతిలో పెట్టి, వరండాలోకి వెళ్లిపోయింది.

పిల్లల్లో ఈ జబ్బు పెరుగుతోందా అని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. పెరుగుతోందనే డాక్టర్లంటారు, నేను కాదనను. కానీ ఆ ఆదివారం నుంచి సూది మానేసి ఉంటే, గౌరి ఏ జ్వరంతోనో పోయిందని చెప్పుకునేవారు. మా మ్యాపులో గుండుసూది మాత్రం రాయగడ మీద అలాగే ఉండేది. ఆ కొండల్లో అలా ఏ లెక్కలోకీ రాకుండా పోయిన పిల్లలు ఎంతమందో తలుచుకుంటే, కారణాలు వెతికే మా తీరు మీద నాకు కోపం వస్తుంది. ఇక ఆ దారిన వెళ్లేవాళ్లకు ఒకే సలహా. ఇన్సులిన్ వాడే పిల్ల ఉన్న ఇంటికి వెళ్తే, వాళ్లు వేసిన కుర్చీలో కూర్చోకముందే సీసా ఎక్కడ పెట్టారో అడిగి, కళ్లతో చూడండి. ఫ్రిజ్ లేకపోతే నీడలో తడిపిన మట్టికుండ చాలు, ఐసు మాత్రం తగలకూడదు. మా పద్నాలుగు పేజీల్లో ఆ ప్రశ్న లేదు. జయపురం ఆస్పత్రి బల్ల మీద కూర్చుని, మొదటి పేజీలో, గౌరి పేరు కంటే పైన, నా చేత్తో నేనే రాసి చేర్చాను.