వీరవాసరం తర్వాత ఏ స్టేషన్?

మస్కట్ నుంచి తిరిగొచ్చేవాళ్లు బంగారం తెస్తారని మొగల్తూరు వైపు అందరికీ గట్టి నమ్మకం. మా పిన్ని ఫోన్ తెచ్చింది.

పిన్ని అంటే మా అమ్మకి సొంత చెల్లెలు. బాబాయి పోయాక, పిల్లలు లేరు, ఊళ్లో ఉండి ఏం చెయ్యాలో తోచలేదు. మస్కట్‌లో ఎవరింట్లోనో పనికి కుదిరి వెళ్లింది. వెళ్లిన కొత్తలోనే ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల పుట్టింది. పుట్టిన పిల్లని తెచ్చి ఈవిడ ఒళ్లో పెట్టారు. ఆ పిల్ల పెరిగి బడిలో చేరగానే, ఇంక ఇంట్లో మనిషి అక్కర్లేదని మర్యాదగానే చెప్పి, టిక్కెట్టు కొనిచ్చి పంపించేశారు. ఈ సంగతంతా పిన్ని మాకు చెప్పిన తీరు ఒక్క ముక్క: "బడికెళ్తోందిగా, ఇంక నేనెందుకు?" అంది. ఆ మాట అంటున్నప్పుడు మా ఎవరి వంకా చూడలేదు.

పెట్టె విప్పినప్పుడు మా అమ్మ అడుగు దాకా తడిమి చూసింది. సబ్బులు, అత్తరు సీసా, ఒక దుప్పటి, ఖర్జూరాలు. అన్నిటికీ కింద మెత్తటి గుడ్డలో చుట్టిన ఫోన్. నెమలికంఠం రంగు. బొత్తాల మీద అంకెల పక్కనే అరబ్బీ అక్షరాలు. అప్పటికి మా వీధిలో సెల్‌ఫోన్ అన్నది రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన చేతిలో తప్ప ఎవరి చేతిలోనూ చూడలేదు. నేను నరసాపురంలో డిగ్రీ చదువుతున్నాను, అంటే ఇంట్లో ఇంగ్లీషు వచ్చిన మనిషిని నేనే. ఆ ఫోన్ మీద నాకు ఆశ పుట్టలేదంటే అబద్ధమే.

దాన్ని ఎలా కొన్నదీ పిన్ని తర్వాత మెల్లగా చెప్పింది. ఆఖరి నెల జీతం అందగానే యజమానురాలినీ పాపనీ వెంటబెట్టుకుని బజారుకి వెళ్లిందట. రంగు పాప ఎంచింది. కొట్లో ఉన్న మలయాళీ కుర్రాణ్ణి, మా ఊళ్లో పనిచేస్తుందా అని ఒకటికి రెండుసార్లు అడిగిందట. ఫోన్ ఎక్కడైనా ఫోనేగా అన్నాడట వాడు. బంగారం కొనుక్కోమని యజమానురాలు కూడా చెప్పి చూసింది. ఈవిడ వినలేదు. ఎందుకంటే పాపకి మాటిచ్చింది.

ఆ మాట ఏంటో చెప్పాలంటే ముందు నరసాపురం ప్యాసింజరు గురించి చెప్పాలి. మా పిన్నికి జోలపాటలు రావు. గొంతు కూడా అంతంతమాత్రమే. పసిపిల్ల ఏడుస్తుంటే ఆ పరాయి ఇంట్లో ఏం పాడాలో తెలియక, తను పుట్టింటికీ అత్తింటికీ మధ్య తిరిగిన రైలు స్టేషన్ల పేర్లు రాగం తీసి చెప్పడం మొదలుపెట్టింది. నరసాపురం... పాలకొల్లు... లంకలకోడేరు... వీరవాసరం... ఒక్కో పేరు దగ్గర ఆగడం, వీపు మీద తట్టడం, మళ్లీ కదలడం. మధ్యాహ్నం ఎండకి కిటికీ తెరలన్నీ మూసేసిన గదిలో, ఎడారి పక్క ఊళ్లో, రోజూ మన ప్యాసింజరు అలా మెల్లగా వెళ్తుండేదన్నమాట. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్లు మూతలు పడతాయి.

ఇంకో విచిత్రం. యజమాని బిడ్డని నువ్వు అనడానికి పిన్నికి నోరు రాలేదు. తినండమ్మా, పడుకోండమ్మా అంటూనే పెంచింది. దాంతో ఆ అరబ్బు పిల్లకి తెలుగు వచ్చేసింది, అదీ మన గోదావరి తెలుగు, మాటకి ముందో అండి, వెనకో అండి. పిన్నిని పిన్నిగారు అనేదట. బడిలో చేర్చాక మధ్యాహ్నం నిద్ర పట్టడానికి ఎవరు స్టేషన్లు చెప్తారని ఆ పిల్ల ఏడ్చింది. "ఫోన్ చెయ్యండమ్మా, నేనెక్కడున్నా చెప్తాను" అని పిన్ని మాటిచ్చింది. అందుకని ఫోన్.

ఇంటికి కొత్త వస్తువు ఏదొచ్చినా పసుపు రాసి బొట్టు పెట్టకుండా వాడడం మా అమ్మమ్మ ఒప్పుకోదు. సైకిలు, టీవీ, మిక్సీ, చెరువు మోటారు, అన్నీ ఆవిడ చేతి బొట్టు పెట్టించుకున్నవే. ఫోన్ దగ్గర మాత్రం ఆవిడకి పెద్ద చిక్కొచ్చింది. దీనికి నుదురెక్కడ? పైన బొట్టు పెడితే చెవి దగ్గర అంటుకుంటుందని పిన్ని అంది. తెర మీద వద్దని నేను గోల పెట్టాను. ఇద్దరం కలిసి ముసలావిడ చెయ్యి అటూ ఇటూ తోసేస్తే, చివరికి బొత్తాలన్నిటికీ కింద, అడుగున, కాస్త ఖాళీ కనిపించింది. అక్కడ తడి పసుపు ఒత్తి, దాని మీద కుంకుమ అద్ది, కొబ్బరికాయ కొట్టి, ఇంక మాట్లాడుకోండి అంది.

మాట్లాడడానికి ఏముంది, నా ముఖం! తెర మీద ఏదో అరబ్బీ ముక్క వస్తుంది, పోతుంది. పిన్నికి అరబ్బీ మాట్లాడడమే గాని చదవడం రాదు. ఫోన్ వెతుకుతోందేమో, దూరం కదా, దొరకడానికి టైము పడుతుందేమో అంది. కొంగుకి ముడేసుకుని వంటింట్లోకి, పెరట్లోకి, చెరువు గట్టుకి తిప్పింది. పడుకునేటప్పుడు తలగడ పక్కన పెట్టుకుంది. ఎంత చెప్పినా వినకపోతే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నెంబరు ఫోన్లో ఉండదు, లోపలి సిమ్ములో ఉంటుంది, ఆ సిమ్ము ఆ దేశందే, ఇక్కడ పలకదు అని కేకలేశాను. పిన్ని కాసేపటికి నెమ్మదిగా అడిగింది, మరి పాప ఫోన్ చేస్తే ఎక్కడ మోగుతుంది అని.

మర్నాడు ఇద్దరం భీమవరం బయల్దేరాం, ఫోన్లు బాగుచేసే కొట్టుకి. నరసాపురంలో ప్యాసింజరు ఎక్కాం. కిటికీ పక్కన పిన్ని. రెండు వైపులా చెరువుల నీళ్లు, ఆ నీళ్లలో ఆకాశం. రైలు నేల మీద పోతోందో మేఘాల మీద పోతోందో తెలియని తీరుగా ఉంది. పాలకొల్లు వచ్చింది. పిన్ని పెదాలు కదిలాయి. లంకలకోడేరు. ఆవిడ చెయ్యి తనకి తెలియకుండానే నా తొడ మీద తడుతోంది. నేను కదల్లేదు. వీరవాసరంలో రైలు ఆగినప్పుడు ఆ చెయ్యి కూడా ఆగింది.

"ఇక్కడికొచ్చేసరికి నిద్రపోయేదే. ఇన్నేళ్లలో ఒక్కనాడూ ఇంక ముందుకి వెళ్లలేదు" అంది.

రైలు కదిలాక శృంగవృక్షం, పెన్నాడ, ఆ రెండు స్టేషన్లనీ పిన్ని కొత్త చోటు చూసినట్టు చూసింది.

కొట్టతను ఫోన్ తిప్పి చూసి, ఇది ఆ దేశం కంపెనీ సిమ్ముకి తప్ప దేనికీ పలకకుండా లాక్ చేసుందండి అన్నాడు. తీగేదో తగిలించి, కంప్యూటరు ముందు కూర్చుని, టీ తాగి రమ్మన్నాడు. మేం తిరిగొచ్చేసరికి లాకు విప్పేసి, భాష ఇంగ్లీషులోకి మార్చేసి, మన సిమ్ము వేసి ఉంచాడు. తన ఫోన్‌కి ఒక మిస్డ్ కాల్ ఇచ్చి, మోగగానే కట్ చేసి, అయిపోయిందండి అన్నాడు. అప్పట్లో అంతే. ఎత్తి మాట్లాడితే డబ్బులు కదా, లోకమంతా మిస్డ్ కాల్స్ మీదే నడిచేది. బయల్దేరాం అంటే ఒకటి, చేరాం అంటే ఒకటి. కొట్టతను మాట్లాడి చూడలేదు, మేమూ చూడలేదు.

పాత సిమ్ము మాత్రం పిన్ని పారెయ్యనివ్వలేదు. పాపకి తెలిసిన నెంబరు అదొక్కటే అని భయం. వాళ్లింటి నెంబరు నీకు నోటికి వచ్చుగా, మనమే మిస్డ్ కాల్ ఇద్దాం, వాళ్లే చేస్తారు అని నేను దారి పొడుగునా సముదాయించాను.

మా ఇంట్లో టవర్ లేదు. ఊరి చివర చెరువు గట్టు మీద, మేత బస్తాలు పెట్టుకునే పాక దాటాక, ఒక్కచోట మాత్రం తెర మీద గీతలు నిలబడేవి. మర్నాడు మధ్యాహ్నం అక్కడికి వెళ్లాం. నీళ్లు చిలికే యంత్రాలు ఆపేసున్నాయి. చెరువంతా నిద్రపోతోంది. గట్టు మీద కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. పిన్ని ఒక్కో అంకె చెప్పింది, నేను నొక్కాను. అటు మోగింది. కట్ చేశాను.

కాసేపటికి ఫోన్ మోగింది. పచ్చ బొత్తాం నేనే నొక్కి పిన్ని చెవి దగ్గర పెట్టాను. ఆ ఫోన్ గొంతు పెద్దది, పక్కన నిలబడ్డ నాకూ వినిపిస్తోంది. ఒక ఆడమనిషి అరబ్బీలో హలో హలో అంది. పిన్ని గబగబా అరబ్బీలో ఏదో చెప్పింది. ఆవిడ మళ్లీ హలో అంది. తర్వాత అటు ఏదో గలాటా, చిన్న చెయ్యి ఫోన్ లాక్కున్న చప్పుడు.

"పిన్నిగారండీ, నేనేనండి."

మొగల్తూరు సంతలో ఎవరింటి పిల్లో పిలిచినట్టుంది. పిన్ని చెప్పమ్మా, చెప్పండమ్మా అంటోంది.

"మాట్లాడరేంటండీ? కోపమొచ్చిందాండీ?"

లేదమ్మా లేదమ్మా అని పిన్ని అరుస్తోంది. ఆ పిల్లకి ఏదీ చేరడం లేదు. కాసేపు ఊపిరి చప్పుడు. తర్వాత ఆ పిల్ల తనంతట తనే మొదలుపెట్టింది, రాగం తీసి, ఆగి ఆగి. నరసాపురం... పాలకొల్లు... లంకలకోడేరు... వీరవాసరం... అక్కడ ఆగిపోయింది.

"తర్వాత ఏంటండీ?"

"శృంగవృక్షం!" అని పిన్ని అరిచిన అరుపుకి గట్టు మీద కొంగలన్నీ ఒక్కసారి లేచాయి.

"చెప్పండి, తర్వాత ఏంటండీ?" అని ఆ పిల్ల ఇంకోసారి అడిగింది. అంతలో లైను తెగింది.

పిన్ని గట్టు మీద కూలబడింది. నేను కోపం తెచ్చుకున్నాననుకుంటుంది పిల్ల, మాటిచ్చి పలకలేదనుకుంటుంది అని ఏడ్చింది. మస్కట్ నుంచి వచ్చాక ఆవిడ ఏడవడం నేను చూసింది అదే మొదలు. నాకేమో ఆ మలయాళీ కుర్రాడి మీద, భీమవరం కొట్టతని మీద, అందరి మీదా మంట. ఫోన్ లాక్కుని అటూ ఇటూ తిప్పాను. అడుగున, బొత్తాల కింద, ఆవగింజంత కన్నం. దాని నిండా పచ్చగా ఎండిపోయిన పసుపు.

మనం మాట్లాడేది అందులోంచే వెళ్తుంది. అమ్మమ్మ సరిగ్గా దాని నోట్లోనే బొట్టు పెట్టింది.

పిన్ని జాకెట్టు పిన్నీసు తీసిచ్చింది. పసుపు పొడి పొడిగా రాలింది. ఈసారి మిస్డ్ కాల్‌ని నమ్మలేదు. నేను ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి అక్కణ్ణించి చేశాను. వినపడుతోందా అని గట్టు మీద నుంచి పిన్ని అడిగింది. పడుతోంది పిన్నీ, నీ గొంతే అన్నాను. బూత్ ఆవిడ నావంక వింతగా చూసింది. అమ్మమ్మకి మాత్రం ఈ సంగతి మేం చెప్పలేదు. చెప్తే బొట్టు పెట్టబట్టే అరబ్బు పిల్ల గొంతు వినపడిందనేది.

మళ్లీ మిస్డ్ కాల్ ఇచ్చాం. ఆ రోజు ఫోన్ రాలేదు. మర్నాడూ రాలేదు. పిన్ని రోజూ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని గట్టుకి వెళ్లేది. అన్నం తిని, ఫోన్ ఒళ్లో పెట్టుకుని నీళ్ల వంక చూస్తూ కూర్చునేది. నాకు క్లాసులు లేనప్పుడు నేనూ వెళ్లేదాన్ని. ఆ ఎండలో, ఆ మగతలో, మేమిద్దరం ఏదో ప్లాట్‌ఫారం మీద రైలు కోసం కూర్చున్నామనిపించేది. ఇంక రాదేమో పిన్నీ అని ఒకరోజు అనేశాను. వస్తుంది, తర్వాత ఏంటో తెలుసుకోకుండా ఎలా ఉంటుంది అంది.

వారం దాటాక వచ్చింది. పాప గొంతు కాదు, తల్లి గొంతు. పిన్ని అరబ్బీలో మాట్లాడింది, విన్నది, తలూపింది. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి నాకు చెప్పింది. బడికి సెలవులిస్తే వాళ్ల ఊరెళ్లారట, ఇవాళే వచ్చారట. పాప ఏడ్చి ఏడ్చి ఇప్పుడే పడుకుందట, లేపనా అంటోంది.

"లేపమను పిన్నీ!" అన్నాను. ఇన్నాళ్లు కాచుకున్నది ఇందుకేగా.

పిన్ని నావంక ఏదో తప్పుమాట విన్నట్టు చూసింది.

"నిద్రపోయే పిల్లని ఎవరన్నా లేపుతారంటే?"

అటు తిరిగి అరబ్బీలో మెల్లగా ఏదో అడిగింది. కాసేపు అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు, ఆ తర్వాత ఇంకేమీ లేదు, పసి ఊపిరి ఒక్కటే. ఫోన్‌ని పాప చెవి దగ్గర పెట్టించిందని నాకు అప్పుడు అర్థమైంది. పిన్ని గట్టు మీద అటు తిరిగి నిలబడింది. ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని కుడిచేత్తో తన తొడ మీద తడుతూ, రైలు ఎక్కడ ఆగిందో అక్కణ్ణించే మొదలుపెట్టింది.

"శృంగవృక్షం..." ఆగింది. "పెన్నాడ..." ఆగింది. "భీమవరం." మళ్లీ కాసేపాగి, "వచ్చేశామమ్మా. పడుకోండి" అంది.

ఫోన్ మాత్రం కట్ చెయ్యలేదు. వాళ్లే పెట్టేసేదాకా అలాగే చెవికి ఆనించుకుని నిలబడింది.