పాల బిల్లులు, పాత కంప్యూటరు

"కొత్తది కొనకపోతే ఈ పని అవ్వదు అమ్మమ్మా!"

"ఉన్నదానికేం రోగమే? స్విచ్ వేస్తే వెలుగుతోందిగా."

"వెలిగితే చాలా? ఇదేమన్నా ట్యూబ్‌లైటా? పాల లెక్కలన్నీ తెమ్మనగానే బిగుసుకుపోతోంది."

"అన్నీ ఒకేసారి ఎందుకు తెమ్మన్నావ్? పెళ్లా?"

"కొంచెం కొంచెంగా తేవచ్చు. కానీ ప్రోగ్రాం మార్చి రాయాలి. రేపు పొద్దున్నకల్లా బిల్లులు ఇవ్వాలి!"

"అయితే రాయి. కొనడం మాత్రం లేదు."

మూతి ముడుచుకుని రాయడానికి కూర్చుంది. అది నా కూతురి కూతురు. పటమటలో నా దగ్గరే ఉండి బెంజ్ సర్కిల్ దగ్గరి పాల కంపెనీకి పనిచేస్తోంది. హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఊళ్లలో పాలు పోసేవాళ్లందరికీ బిల్లులు తయారుచేసే పని దానిది. మొదటి ఉద్యోగం. ఈసారి ఆలస్యమైతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారట. నేనూ గేదెల్ని మేపినదాన్నే. పాల డబ్బులు రాని వారం పొయ్యి ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. అందుకే కాస్సేపటికి మజ్జిగ గ్లాసు పట్టుకెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఏం చేస్తున్నావో చెప్పు."

"కార్డు నంబర్ల వరసన వెయ్యి మంది లెక్కలు తెస్తాను. బిల్లులు లెక్కగట్టి దాచేస్తాను. చివరి నంబరు రాసిపెట్టుకుని, ఆ తర్వాతి నంబరు నుంచి ఇంకో వెయ్యి మంది."

"గారెలు వాయిలు వాయిలుగా తీసినట్టా?"

"ఆఁ, అంతే."

"మధ్యలో కరెంటు పోతే?"

"దిగిన వాయి ఎక్కడికీ పోదు. ఆగినచోట నుంచి మళ్లీ మొదలెడతాను. ఆ పాడుమాట అనకు, అమ్మమ్మా!"

అది పని మొదలుపెట్టిన కాసేపటికే కరెంటు పోయింది. ఆ కంప్యూటరు బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. తెర నల్లబడింది. అది తెర వంక చూడలేదు, నా వంక చూసింది.

"ఇప్పుడు సంతోషమేనా?"

విసనకర్ర తెచ్చి విసరసాగాను. చెయ్యి మార్చి చెయ్యి విసిరాను. దాని మెడమీద చెమట ఆరింది గానీ కోపం ఆరలేదు. కరెంటు వచ్చింది. అది గోళ్లు కొరుక్కుంటూ మీటలు నొక్కి, ఒక్క అరుపు అరిచింది.

"ఆగినచోటే అందుకుంది! ఒక్కళ్ల బిల్లూ పోలేదు!"

"అరవకు. పక్కింటివాళ్లు దొంగలు పడ్డారనుకుంటారు," అని వెళ్లి పడుకున్నాను.

తెల్లవారి నేను లేచేసరికి ఆఖరి వాయి కూడా దిగిపోయింది. బిల్లులు ఆఫీసుకి పంపేసి, అది కుర్చీలోనే నిద్రపోతోంది. కుళాయి నీళ్లు పట్టడం రోజూ దాని వంతు. ఆ పూట నేనే పట్టాను.