చల్లారాకే కాపీ చేసే బాంగ్ గారు

బాంగ్ దోక్సు గారు వేడిగా ఉన్నదేదీ ముట్టుకోరు. అన్నమైనా, కోపమైనా, ఆఖరికి ఆఫీసు లెక్కలైనా సరే, చల్లారి తీరాల్సిందే.

కొరియాలోని చోంగ్జు ఊళ్లో వాళ్ల ఆఫీసు పక్క సందులో ఒక పులుసు హోటలుంది. జనమంతా కుతకుతలాడే గిన్నెలోంచి జుర్రుకుని "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అంటుంటే, బాంగ్ గారు చేతులు కట్టుకుని గిన్నెకేసి చూస్తూ కూర్చుంటారు. ఆయన కింద పనిచేసే యూన్ హారిమ్ ఎదురుగా కూర్చుని తినేసి, మూతి తుడుచుకుని, ఆవలిస్తుంది.

"సార్, ఇంకెంతసేపు?"

"ఆవిరి వస్తోందమ్మా."

"అది పక్క టేబుల్ వాళ్లది సార్."

"ఎవరిదైతేనేం, ఆవిరి ఆవిరే."

పెళ్లి విషయంలోనూ అంతేనట. చూసొచ్చిన అమ్మాయి నచ్చింది. ఆ సంబరం కాస్త చల్లారాక ఫోన్ చేద్దామని ఆగారు. చేసేసరికి ఆవిడ ఇంకొకరితో కాపురానికి వెళ్లిపోయింది.

"మరి మీరేం చేశారు సార్?"

"శుభాకాంక్షలు చెప్పా. వాళ్ల బాబు మొదటి పుట్టినరోజుకి ఉంగరం కూడా పెట్టా. అక్కడే ఆవిడ చెల్లెలు కనపడింది. ఈసారి తనే అడిగేసింది, నా సంగతి తెలుసుగా!"

వాళ్ల కంపెనీకి ఊరూరా చిన్న చిన్న కూరల దుకాణాలున్నాయి. కిమ్చి పచ్చడి, నెత్తళ్ల వేపుడు, సోయాలో ఉడికించిన గుడ్లు అమ్ముతారు. అక్కడ కొట్టిన బిల్లులు క్లౌడ్‌లో ఉన్న హెడ్డాఫీసు లెక్కల్లోకి కాపీ అవ్వాలి. ప్రతిసారీ మొత్తం మోసుకురావక్కర్లేదు. పోయినసారి తెచ్చాక కొత్తగా ఏం చేరిందో, ఏది మారిందో అంతవరకే తెచ్చే కాపీ జాబ్ అనే ప్రోగ్రామ్ ఒకటుంది. దాన్ని నడిపేది బాంగ్ గారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకసారి, దుకాణాలు మూశాక ఒకసారి. అంతే.

డైరెక్టరు ప్యో గారికి అది కడుపుమంట.

"ఏమయ్యా బాంగ్, పొద్దున అమ్మిన ముల్లంగి నాకు మధ్యాహ్నం కనపడటమేంటి? పక్క కంపెనీలో నిమిషం నిమిషం కనపడుతోందట!"

"వేడి లెక్కలు సార్. కళ్లు కాల్తాయి."

"నా కళ్లు, నా ఇష్టం!"

"రేపు మాట్లాడుకుందాం సార్. ఇప్పుడు మీరూ కాస్త వేడిమీదున్నారు."

ఆ రేపు ఎన్నడూ రాలేదు. ఈలోగా బాంగ్ గారు హెర్నియా ఆపరేషన్‌కని ఆసుపత్రిలో చేరారు. డైరెక్టరు తిన్నగా హారిమ్ దగ్గరికొచ్చారు. ఆయన పనీ తన పనీ మీదపడి ఆ పిల్ల అప్పటికే సగం చచ్చి ఉంది. వాదించే ఓపిక లేక, కొన్ని నిమిషాలకోసారి కాపీ అయ్యేలా మార్చేసింది. గోడమీది తెరపై అంకెలు గంతులేశాయి. డైరెక్టరు చప్పట్లు కొట్టారు.

మర్నాడు హారిమ్ ఫోను మోగింది. నదవతలి దుకాణం నడిపే మల్‌సూన్ పిన్ని.

"అమ్మాయ్, బాంగ్ గారు లేరా?"

"ఆసుపత్రిలో ఉన్నారు పిన్నీ. ఏమైంది?"

"చేతులకి కారంముద్ద అంటుకుని ఉంటుందా, ఒక మీట నొక్కబోతే రెండుసార్లు పడుతుంది. మూడు గుడ్ల డబ్బాలు ముప్పైమూడయ్యాయి. జనం పలచబడ్డాక దిద్దుకుందాంలే అనుకున్నా. ఈలోపే పైనుంచి ఫోను! నా పేరు పక్కన ఎర్ర గుర్తు పడిందట. ఇంకోటి పడితే దుకాణం వేరేవాళ్లకిస్తారట. ఇన్నాళ్లూ మధ్యాహ్నం లోపు దిద్దేస్తే సరిపోయేదమ్మా. అందాకా లెక్కలు కదలనివ్వనని బాంగ్ గారు మాటిచ్చారు."

హారిమ్ తెర తెరిచి చూసింది. పొరపాటు ఒక కాపీలో వచ్చింది. దిద్దుబాటు తర్వాతి కాపీలో వచ్చింది. మధ్యలో దూరిన తిట్టును వెనక్కి తీసుకెళ్లే కాపీ మాత్రం లేదు.

వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి బాంగ్ గారికి జరిగింది చెప్పింది. "డైరెక్టరు గారికి అసలు సంగతి చెప్పేయొచ్చు కదా సార్!"

"నవ్వించకమ్మా, కుట్లు లాగుతాయి. చెప్తే ఏమవుతుంది? దుకాణాల పిన్నులంతా తప్పులు కొడుతున్నారని ఒక మీటింగు. ఆ తర్వాత వాళ్లకో పరీక్ష. అదే నాకు పిచ్చి అనుకుంటే ఎవరికీ ఏ పరీక్షా ఉండదు. ఆ ఎర్ర గుర్తు మన కాపీ తొందరవల్ల పడిందని రాసిచ్చెయ్. అబద్ధం కూడా కాదు."

హారిమ్ రాసిచ్చింది. జాబ్‌ని పాత వేళలకు మార్చేసింది. కాసేపటికే డైరెక్టరు ఊగిపోతూ వచ్చారు.

"అంకెలు కదలట్లేదు! ఎవరు మార్చారు?"

"నేనే సార్." గోడమీది తెర చూపించింది. "అన్నిసార్లు తిప్పితే... కాపీకి కళ్లు తిరుగుతున్నాయి సార్."

డైరెక్టరు ఆమెకేసి అలాగే చూశారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిన్నటినుంచి తెరమీదినుంచి చూపు తిప్పలేదు.

"నువ్వు కూడానా?" అంటూ బాంగ్ గారి ఖాళీ కుర్చీలో కూలబడ్డారు.

"మీరూ కాసేపు అలాగే కూర్చోండి సార్. మొహం వాడిపోయింది."

ఏదో అనబోయారు గానీ కుర్చీ మెత్తగా ఉంది. వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు.

"ఐదు నిమిషాలయ్యాక లేపమ్మా."

హారిమ్ తలుపు దగ్గరగా వేసింది. లేపలేదు.