తట్టకుండా కొన్న కుండ

చాలా ఏళ్ల కిందట రాయపూర్‌లో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, పూజగదిలోకి మట్టికుండ కావాలని అభన్‌పూర్ దారిలోని ఒక కుండల షెడ్డుకి వెళ్లాను. దాన్ని నడిపే సరోజ మన శ్రీకాకుళం వైపు రైల్వే కుటుంబం పిల్ల. కుండలు చేస్తూనే కడక్‌నాథ్ నల్లకోళ్లనూ పెంచేది.

అమ్మ ఇంట్లో నేర్పినట్టే ఒక కుండను వేలి కణుపుతో టంగుమని తట్టి చూశాను. రెండోదాని మీద చెయ్యి వెయ్యబోతే సరోజ పరుగెత్తుకొచ్చింది.

“అరే, ఠక్‌ఠక్ చెయ్యకండి దీదీ! కుండల ఎనక గంపలో పెట్ట పొదుగుతోంది. పోయినసారి పెళ్లి బాజాకి గుడ్లన్నీ ఖరాబైపోనాయి. అసలు జాతి పెట్ట నాకు ఇదొక్కటే మిగిలింది.”

“తట్టకపోతే కుండ మంచిదో కాదో ఎలా తెలుస్తుందమ్మా?”

“నీళ్లు పోసి కూర్చోండి. కారితే అదే తెలుస్తాది. జల్దీ ఏటుంది?”

ఆ రెండో కుండలోనే నీళ్లు పోసి, దాని పక్కన ఇద్దరం గుసగుసగా మాట్లాడుకుంటూ కూర్చున్నాం. నా తొందరపాటుకి ఏ గుడ్డూ పాడవకూడదని లోలోపల రాముణ్ణి వేడుకుంటూనే ఉన్నాను. కాసేపటికి పెట్ట కిందనుంచి సన్నగా టిక్, టిక్ అని వినిపించింది. సరోజ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“సున్‌లో దీదీ, ఇనండి! లోపల్నుంచి పిల్లే తడుతోంది.”

కుండ చుక్క కూడా కారలేదు. ఇప్పటికీ మా దేవుడి ముందే ఉంది. నీళ్లు నింపేటప్పుడు అలవాటుగా నా వేలు దాని దాకా వెళుతుంది. ఆ చప్పుడు గుర్తొచ్చి, తట్టకుండా దండం పెట్టుకుంటాను.