ఇరవై రెండో సూచన

నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద తెలివితక్కువ పనికి ప్లాస్టిక్ పూత వేయించి, మూడు చోట్ల గోడకు అంటించాను. చాలామంది తప్పు చేసి దాచుకుంటారు. నేనైతే పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి, తీరిగ్గా చదువుకోవడానికి వీలుగా బాత్‌రూమ్ తలుపుకు కూడా ఒకటి పెట్టాను. ఇంత పకడ్బందీగా ఘోరం చేసినవాణ్ణి మీరు ఇంకెక్కడా చూసి ఉండరు. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేనూ చాలా దూరం మీతో పాటు నవ్వుతాను. చివరికి వచ్చేసరికి మాత్రం నాకు నవ్వు రాదు. అక్కడ మీ ఇష్టం.

మంథని దగ్గర, గోదావరికి కాస్త ఇవతల, వరి పొలాల మధ్య మాకో పెంకుటిల్లు ఉంది. ఆరేళ్ళ కింద దాన్ని సెలవులకు వచ్చేవాళ్ళకు అద్దెకివ్వడం మొదలుపెట్టాను. అదే ఆవరణలో గేటు పక్కన రెండు గదుల్లో నేను, నా భార్య సుజాత, మేం బాపు అని పిలిచే మా నాన్న ఉండేవాళ్ళం.

మా బాపు బొగ్గుగనిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడు. మా వైపు గనిని బాయి అంటారు. కార్మికులు పనిలోకి వెళ్ళే ముందు సర్దారు వెళ్ళి, కర్రతో పైకప్పును కొట్టి, చెవి పెట్టి విని, గట్టిగా ఉందంటేనే మిగతావాళ్ళు లోపలికి పోవాలి. అది ఆయన ఉద్యోగం. ఉద్యోగం అయిపోయింది కానీ కర్ర ఆయన చేతిలోనే ఉండిపోయింది.

అందుకని మా ఇంటికి అతిథులు వస్తే ఏం జరిగేదో ఊహించుకోండి. హైదరాబాద్ నుంచి నాలుగైదు గంటలు ప్రయాణం చేసి, చేతుల్లో సూట్‌కేసులతో, ఎప్పుడు నడుం వాలుద్దామా అని వాళ్ళు గుమ్మంలో నిలబడి ఉంటారు. మా బాపు లోపల ఒక్కో దూలాన్నీ కర్రతో టకటక కొట్టి, తల పక్కకు వంచి వింటూ ఉంటాడు. మూడు గదులూ అయ్యాక బయటికి వచ్చి, "మంచిగున్నది. ఇగ పోండ్రి లోపటికి" అంటాడు. కొత్తగా పెళ్ళయిన ఒక జంట ఇది ఈ ప్రాంతపు శకునం కాబోలనుకుని ఆయన కాళ్ళకు దండం కూడా పెట్టారు.

ఇదొక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాణ్ణి. బిళ్ళలు కూడా ఉండేవి. బాయిలో దిగేవాడు తన నంబర్ ఉన్న ఇత్తడి బిళ్ళ తీసుకుని దిగుతాడు, పైకి వచ్చి తిరిగి ఇస్తాడు. బోర్డు మీద కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. మా బాపు మంథనిలో గిన్నెల దుకాణంలో ఇత్తడి రేకు కోయించి, నంబర్లు కొట్టించి, పన్నెండు బిళ్ళలు చేయించాడు. గేటు పక్క గోడకు పన్నెండు కొక్కేల బోర్డు పెట్టాడు. ఒకటో నంబర్ ఆయనది. మిగతావి అతిథులవి. గేటు దాటాలంటే బిళ్ళ తీసుకోవాలి, వచ్చాక తగిలించాలి. ఆయన లెక్కలో గేటు బయట ఉన్న ప్రపంచమంతా కింద, మా ఇల్లు పైన. చీకటి పడేలోగా అందరూ పైకి రావాలి. రాకపోతే కర్ర పట్టుకుని ఆయనే వెతకడానికి పోయేవాడు.

ఒకాయన విసుక్కుని, రోడ్డు మీదికి పోయి ఛాయ్ తాగి రావడానికి కూడా బిళ్ళ కావాలా అని అడిగాడు. బాపు చాలా మర్యాదగా జవాబిచ్చాడు.

"ఛాయ్ తాగనీకి పోయినోడు సుత మనిషే కద బిడ్డా."

ఆ మనిషి ఇంటికి వెళ్ళి ఇంటర్నెట్‌లో రాశాడు: ఇల్లు బాగుంది, నాటుకోడి కూర బాగుంది, గేటు దగ్గర ముసలాయన వల్ల జైలుకు వచ్చినట్టుంది. అయిదు చుక్కలకు మూడు ఇచ్చాడు. ఆ పోయిన రెండు చుక్కల కోసం నాకు అన్నం సహించలేదు. ఎవరైనా నా దగ్గరికి వచ్చి నీ ఇల్లు కూలిపోతుందని చెప్పినా అంత బాధపడేవాణ్ణి కాదు.

ఆలోచించి ఆలోచించి, మనిషి చెప్పేదంతా కాగితం మీద పెడితే మనిషి అవసరం ఉండదని కనిపెట్టాను. మూడు రోజులు కూర్చుని 'అతిథులకు ముఖ్య సూచనలు' రాశాను. మొత్తం ఇరవై ఏడు. మోటారు స్విచ్ ఎక్కడుంది, గ్యాస్ ఎలా తిప్పాలి, కల్లు కావాలంటే ముందు రోజే ఎందుకు చెప్పాలి, అన్నీ ఉన్నాయి. పద్నాలుగోది, పాము కనిపిస్తే కంగారు పడకండి, అది చాలావరకు తన పని మీద పోతూ ఉంటుంది. పంతొమ్మిదోది, కోతులకు ఏమీ పెట్టకండి, కావలసింది అవే తీసుకుంటాయి. నా రచనా వైభవానికి నేనే మురిసిపోయి సుజాతకు రెండుసార్లు చదివి వినిపించాను. ఆమె కూర తరుగుతూ, అన్నీ బాగున్నాయి గాని మామయ్యకు చెప్పావా అని మాత్రం అడిగింది.

ఇప్పుడు ఇరవై రెండోది చెబుతాను, గుర్తుపెట్టుకోండి. 'నది వైపు నుంచి తిరిగి వచ్చేవారు వెనుక గేటు వాడవచ్చు. దారి దగ్గర.' నిజానికి దారి అంత దగ్గరేం కాదు. ముందు గేటు దగ్గర మంచం వేసుకుని కూర్చునే మా బాపు కంట పడకుండా రావడానికి నేను చేసిన ఏర్పాటు అది. ఏళ్ళ తరబడి తాళం వేసి ఉన్న ఆ గేటుకు బాపుకు తెలియకుండా నూనె పోసి, తెరిపించాను కూడా.

బోర్డు పీకిన రోజు బాపు మంచం మీద కూర్చుని చూస్తూ ఉన్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

"మరి ఎందరు దిగిన్రో, ఎందరు పైకచ్చిన్రో ఎట్ల ఎరుకైతదిరా?" అన్నాడు.

"గిది బాయి కాదు బాపు. వాళ్ళు సెలవులకు అస్తున్నరు. మనం లెక్కవెట్టుడేంది? నవ్వుతున్నరు."

"నవ్వనియ్యి. నవ్వుకుంట పైకి రానియ్యి" అన్నాడు. బోర్డును బిళ్ళలతో సహా వంటింట్లో బియ్యం బస్తాల వెనుక, గోడ వైపు తిప్పి పెట్టాను. అది ఉన్న చోట మేకులకు నా ఇరవై ఏడు సూచనలు తగిలించాను. సరిగ్గా సరిపోయింది.

ఆ వారమే హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఏడుగురు. అందులో ఒక పెద్దాయన, బాపు వయసువాడే. నా కాగితానికి ఇంతకన్నా మంచి పాఠకులు దొరకరు. గుంపుగా నిలబడి, ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్ళు విన్నారు. పాము దగ్గర నవ్వారు, కోతుల దగ్గర నవ్వారు. నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ నది వైపు వెళ్ళారు. బిళ్ళల్లేవు, అడ్డు లేదు. బాపు మంచం మీద నుంచి వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టుకోవడం చూశాను. చూడనట్టే ఉన్నాను.

పొద్దు వాలుతుండగా వాళ్ళు తిరిగి వచ్చారు. నేను వంటింట్లో వాళ్ళ కోసం మిర్చి బజ్జీలు వేయిస్తున్నాను. బాపు కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఆరుగురే వచ్చారన్నాడు. అతిథులను ఏమీ అడగొద్దని చెప్పి ఉన్నాను కాబట్టి నా దగ్గరికే వచ్చాడు. ఏడో మనిషి వస్తాడులే అన్నాను. వెళ్ళి కాసేపటికి మళ్ళీ వచ్చాడు. అదే మాట. నూనె కాగుతోంది, చుట్టూ పొగ, మూడు చుక్కల బాధ ఇంకా తీరలేదు. మూడోసారి వచ్చి, ఆ పెద్దమనిషి రాలేదురా, ఒడ్డు మీద రాళ్ళున్నాయి, జర చూసి రాపో అన్నప్పుడు నేను వెనక్కి కూడా తిరగలేదు.

"అందరచ్చిన్రు బాపు. పోయి కూసో. ఇగ నీ లెక్క బంద్ చెయ్యి, ఇజ్జత్ తీస్తున్నవ్."

బస్తాల దగ్గర ఏదో జరిపిన చప్పుడు వినిపించింది. నేను బజ్జీలు తిప్పుకుంటూ ఉన్నాను.

దీపాలు పెట్టే వేళకు సుజాత ఆయనకు ఛాయ్ తీసుకెళ్ళింది. అదే ఛాయ్‌తో తిరిగి వచ్చి, మామయ్య మంచం మీద లేడంది. గదిలో లేడు, బావి దగ్గర లేడు. ఎప్పుడు వెళ్ళాడో, ఎటు వెళ్ళాడో చెప్పడానికి మా ఇంట్లో ఏ గుర్తూ లేదు. గుర్తు ఉండాల్సిన చోట పాము గురించి నేను రాసిన జోకు ఉంది.

అతిథులందరూ ఫోన్ల లైట్లు వేసుకుని బయలుదేరారు. అప్పుడే వెనుక గది తలుపు తెరుచుకుని, కళ్ళు నులుముకుంటూ ఏడో మనిషి, ఆ పెద్దాయన, బయటికి వచ్చాడు. కాళ్ళు నొప్పిగా ఉన్నాయని అందరికన్నా ముందే తిరిగి వచ్చి, కాగితంలో రాసిన ప్రకారం వెనుక గేటు నుంచి వచ్చి, ఫ్యాన్ వేసుకుని హాయిగా పడుకున్నాడట. ఎవరు తప్పిపోయారని అడిగాడు. మా నాన్న అన్నాను. అయ్యో, పదండి వెతుకుదాం అని చెప్పులు కూడా వేసుకోకుండా మా ముందు నడిచాడు. తనను వెతకడానికి పోయిన మనిషిని వెతకడానికి, దొరికి ఉన్న మనిషి పొలం గట్ల మీద కేకలు వేసుకుంటూ పోతున్నాడు. నవ్వదలుచుకుంటే ఇక్కడే నవ్వండి. తర్వాత వీలుపడదు.

నదికి దిగే చోట, రాళ్ళ మధ్య దొరికాడు. పక్కకు ఒరిగి పడి ఉన్నాడు, ఒక కాలు ఉండాల్సిన తీరులో లేదు. కర్ర దూరంగా పడి ఉంది. లైట్లు మొహం మీద పడగానే మూలుగు ఆపి, వేలు చూపిస్తూ అతిథులను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఏడు దగ్గర వేలు ఆగింది.

"అచ్చినవా అన్నా. ఎటు పోయినవే?" అని పెద్దాయన్ని అడిగాడు.

ఆ పెద్దాయన రాళ్ళ మీద కూలబడి, బాపు చెయ్యి పట్టుకున్నాడు. "పండుకున్న అన్నా. ఎనుక గేటు నుంచి వచ్చి పండుకున్న. గోడ మీద గట్లనే రాసి ఉండె."

బాపు నా వైపు చూశాడు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఈ నాలుగేళ్ళూ నేను కాస్త నిద్రపోయేవాణ్ణి.

కరీంనగర్ ఆసుపత్రిలో తుంటి ఎముకకు ఆపరేషన్ చేశారు. మూడో రోజు, సుజాత మందులకు కిందికి వెళ్ళినప్పుడు, బాపు తనంతట తానే చెప్పాడు. నేను పుట్టకముందు మాట. కొమురయ్య అని ఆయనకు ప్రాణమిత్రుడు ఉండేవాడట. ఒకరోజు షిఫ్టు అయ్యాక ఎవడో తన బిళ్ళతో పాటు కొమురయ్య బిళ్ళ కూడా తెచ్చి ఇచ్చేశాడు, వెనుక వస్తున్నాడు కదా అని. బోర్డు నిండింది. బాపు బోర్డు చూసి, అందరూ వచ్చారని రాసి, ఇంటికి పోయి అన్నం తిన్నాడు. కొమురయ్య కప్పు కూలి కిందే ఉన్నాడు.

"పొద్దుగాల దాక బతికే ఉన్నడట. డాక్టర్ చెప్పిండు. నేను బువ్వ తిని పండుకున్నరా" అన్నాడు.

అప్పటినుంచి ఆయన బిళ్ళతో పాటు మొహాన్ని కూడా లెక్కపెట్టేవాడు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి నాకు ఈ సంగతి తెలియదు. ఎప్పుడూ అడగలేదు కూడా. ఆయనది ముసలితనపు చాదస్తం అనుకున్నాను, అంతే. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తుంటే ఆయన తలగడ కింద చెయ్యి పెట్టి, ఒకటో నంబర్ బిళ్ళ తీసి చూపించాడు.

"పొయ్యేటప్పుడు బస్తాల ఎనుక నుంచి తీస్కపోయిన. బోర్డు ఇటు దిప్పే పెట్టిన. కొక్కెం ఖాళీ ఉన్నది సూస్తవ్, అస్తవ్ అనుకున్న."

నేను చూడలేదు. ఇంటికి వెళ్ళి చూస్తే నిజంగానే బియ్యం బస్తా పక్కకు జరిపి ఉంది, బోర్డు నా వైపు తిరిగి ఉంది. పదకొండు బిళ్ళలు, ఒక ఖాళీ కొక్కెం. బజ్జీలు వేయించిన చోటికి నాలుగడుగుల దూరం.

బాపు మళ్ళీ నడవలేదు. ఎనిమిది నెలలు మంచం మీదే ఉన్నాడు. బోర్డు మళ్ళీ గేటు దగ్గర పెట్టానని చెబితే, మంచం అక్కడికే జరిపించుకున్నాడు. అతిథులు బిళ్ళలు ఆయన చేతికే ఇచ్చేవాళ్ళు. ఒకటో నంబర్ మాత్రం చొక్కా జేబులోనే పెట్టుకునేవాడు. "నేను పైకి ఎక్కడచ్చిన? ఇంకా రాళ్ళ కాడనే ఉన్నట్టున్నది" అనేవాడు. ఆయన పోయినరోజు సుజాత జేబులోంచి దాన్ని తీయబోతే నేను వద్దన్నాను. గోదావరి ఒడ్డున అది ఆయనతోనే పోయింది. దిగే మనిషి దగ్గర బిళ్ళ ఉండాలి కదా.

కాబట్టి, ఇందుమూలంగా సమస్త అతిథులకూ, పాఠకులకూ తెలియజేయునది ఏమనగా, నేను బతికుండగా ఇంకెప్పుడూ ఎవరికీ ఏ విషయం మీదా ఇరవై ఏడు సూచనలు రాయను. వెనుక గేటుకు తాళం వేశాను, తాళంచెవి నదిలో వేశాను. ఇప్పుడు మా ఇంట్లో కాగితం లేదు. మీరు వస్తే దూలాలన్నీ కర్రతో కొట్టి చూసి, నేనే లోపలికి పొమ్మంటాను. ఏ చప్పుడు గట్టిదో ఏది డొల్లదో నాకు ఇప్పటికీ తెలియదు. అయినా చెవి పెట్టి వింటాను. చుక్కలు ఎన్ని ఇస్తారో మీ దయ.

మొన్న ఒక అమ్మాయి సాయంత్రం తన బిళ్ళ తగిలించి, బోర్డు వైపు చూసి ఆగిపోయింది.

"అంకుల్, మేమందరం వచ్చినం. ఒకటో నంబర్ ఎవరిది? ఇంకా రాలేదే?"

"మా బాపుది బిడ్డా," అన్నాను. "మీరందరు పైకచ్చిన్రో లేదో సూసి అస్తనని పోయిండు."