మూడు దాటని ముల్లు

మా బావ కటింగ్ మాస్టరు. బట్టను బల్ల మీద పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర పెట్టాడంటే మళ్లీ వెనక్కి చూసే పనుండదు. మనిషి నోరు ఎంత నెమ్మదో చెయ్యి అంత కచ్చితం. ఆ చెయ్యే మొన్నామధ్య మెట్ల మీద జారిపడి మణికట్టు దగ్గర విరిగింది. కట్టు విప్పారు, ఎముక అతికిందన్నారు, బలం మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు.

బావ పనిచేసే టైలరింగు కొట్టు యజమాని చెడ్డవాడేం కాదు. కానీ కత్తిరించాల్సిన బట్టలు గుట్టలు పడుతుంటే ఎన్నాళ్లని కూర్చుంటాడు? ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను, వస్తావో రావో ఒక్క మాట చెప్పు, రానంటే ఇంకో మాస్టరును చూసుకుంటాను అని కబురు పెట్టాడు. ఆ ఆదివారం మధ్యాహ్నమే మా అక్క నాకు ఫోన్ చేసి, గొంతు బాగా తగ్గించి చెప్పింది.

"కాఫీ మిషను చెడిపోయిందిరా. మీ బావేమో తన చెయ్యే చెడిపోయిందనుకుంటున్నాడు. నువ్వోసారి రా."

ఆ మిషను సంగతి చెప్పాలి. కాఫీ హోటలు నడిపే ఒకాయన తన ఇంట్లో వాడుకున్న చిన్న ఎస్ప్రెస్సో మిషనది. తన పనివాళ్లకు బావ ఏప్రన్లు అందంగా కుట్టించి పెట్టాడని ముచ్చటపడి ఇచ్చేశాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో పొద్దుటి కాఫీ బావదే, ఇంకొకళ్లను ముట్టుకోనివ్వడు. చేత్తో తిప్పే మరలో గింజలు ఆడిస్తాడు. పొడిని చిన్న గిన్నెలో వేసి అదుముతాడు. ఆ గిన్నె ఉన్న పిడిని మిషను మూతికి తిప్పి బిగిస్తాడు. వేడినీళ్లు ఆ పొడిలోంచి బలంగా దిగాలి. ఆ బలం ఎంతో చూపించడానికి ముందువైపు ఒక ముల్లు ఉంటుంది. అది తొమ్మిది దగ్గర నిలబడితే కాఫీ తేనెలా జారుతుంది. కట్టు విప్పాక బావ మళ్లీ మొదలుపెట్టిన నాటినుంచీ ముల్లు మూడు దాటడం లేదు. కప్పులోకి వచ్చేది కడుగునీళ్లు.

నేను వెళ్లేసరికి బావ వంటింటి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. కొట్టువాళ్ల పెద్ద కత్తెర గుడ్డలో చుట్టి పక్కన పెట్టుకున్నాడు. తిరిగి ఇచ్చేయడానికేనని చూడగానే అర్థమైంది.

"పొడి అదమలేని చెయ్యి కత్తెరేం పడుతుంది?" అన్నాడు.

కాఫీకీ కత్తెరకీ ముడిపెట్టడమేమిటని నేను పోట్లాటకు దిగాను. మిక్సీలూ ఇస్త్రీపెట్టెలూ బాగుచేసుకు బతికేవాణ్ని, నోరు కాస్త పెద్దది. ఆయన ముందు గోడకు చెప్పినట్టే. సరే, నేనే పొడి వేసి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి అదిమాను. బిగించి మీట నొక్కాను. ముల్లు మూడు దగ్గరే చతికిలబడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నేను అదిమినా అంతే, తప్పు నీ చేతిది కాదు బావా అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. "నువ్వు మెల్లిగా అదిమావు. నా కోసం."

నాకు కోపమూ జాలీ ఒక్కసారే వచ్చాయి. ఇన్నాళ్లుగా ఇల్లంతా తనను చూసి గొంతు తగ్గిస్తుంటే, నిజం చెప్పినా ఆయనకు జాలి మాటలాగే వినబడుతోంది.

ఇక నోరు కట్టేసుకుని పనిలో పడ్డాను. స్క్రూడ్రైవరు నేను ఆఖర్న తీస్తాను. మిషను పొట్ట కోసేముందు బయటున్నవన్నీ చూడాలి కదా. నీళ్ల డబ్బా నిండుగానే ఉంది. గింజలు తాజావే. పొడిని వేళ్ల మధ్య నలిపితే మాత్రం ఇసుకలా గరగరలాడింది. అంత బరక పొడిలోంచి నీళ్లు అడ్డూ ఆపూ లేకుండా పోతాయి, ముల్లు ఎందుకు లేస్తుంది? కానీ మర చూస్తే సరిగ్గానే ఉంది. ఎంత సన్నగా ఆడాలో గుర్తుగా బావ గీసుకున్న సుద్దగీత దగ్గరే, సన్నం బరక మార్చే చక్రం ఆగి ఉంది.

బావ మర నా చేతిలోంచి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"ఈ గీత నాది కాదు."

పొయ్యి దగ్గర అక్క చెయ్యి ఆగిపోయింది. తనే చక్రాన్ని మూడు గాట్లు వదులు చేసి, పాత గీత చెరిపి, కొత్తది గీసిందట. సన్నగా ఆడాలంటే మర బరువుగా తిరుగుతుందని, కట్టు విప్పిన చెయ్యి నొప్పి పుడుతుందని.

"తేలిగ్గా తిరుగుతుంటే చెయ్యి బాగుపడుతోందనుకున్నాను," అన్నాడు బావ.

నేను చక్రాన్ని బిగించి, గబగబా ఆడించి, అదిమి, మీట నొక్కాను. నాలుగు, అయిదు, ఆరు. అంతలో పిడి అంచులోంచి వేడినీళ్లు బుస్సుమని చిమ్మాయి. చెయ్యి లాక్కుని ఆపేశాను. మూతి లోపలి రబ్బరు వలయం ఊడదీస్తే అట్టముక్కంత పల్చగా, కొత్తగా ఉంది.

గుమ్మంలో నిలబడ్డ మా మేనకోడలు, పిడి బిగించడం నాన్నకు కష్టమని తనే పల్చటిది తెప్పించి వేశానని చెప్పింది. తల్లి చేసింది కూతురికి తెలియదు, కూతురు చేసింది తల్లికి తెలియదు. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"అయితే నా చెయ్యి పనికిరాదని నాకంటే ముందు మీరే తేల్చేశారన్నమాట," అన్నాడు బావ. గొంతు పెంచలేదు. అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

సొరుగులో దొరికిన పాత మందపాటి వలయాన్ని బిగించాను. బావ నన్ను పక్కకు జరగమన్నాడు.

మర బరువుగా కదిలింది. మధ్యలో ఆగాడు, ఎడం చేతికి మార్చాడు, మళ్లీ కుడికి తెచ్చాడు. పొడి మీద ఒంటి బరువంతా వేసి అదిమాడు. పిడిని మూతికి పెట్టి తిప్పాడు. అది నడిమికి రావాలి. రెండు వేళ్ల దూరంలో ఆగిపోయింది. మళ్లీ తోశాడు. నుదుటి మీద చెమట పట్టింది, పిడి కదల్లేదు. అక్కడితో సరిపెట్టి మీట నొక్కితే పిడి ఊడి, సలసల కాగే నీళ్లు మొహాన పడతాయి. నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. తీసి జేబులో పెట్టుకున్నాను.

అదే సమయానికి హాల్లో ఫోన్ మోగింది. అది ఎవరో అందరికీ తెలుసు. ఒక్కరూ కదల్లేదు. మోగి మోగి ఆగిపోయింది. బావ మీట వైపు చూశాడు.

"ఇలా రా," అన్నాడు అక్కతో. "ఒక చెయ్యి వెయ్యి."

అక్క పరుగున వచ్చి ఆయన చేతి మీద చెయ్యి వేసింది. పిడి మూలిగి నడిమికి వచ్చింది. బావ మీట నొక్కాడు. ముల్లు మూడు దాటింది, ఆరు దాటింది, కాస్త తడబడి తొమ్మిది దగ్గర నిలబడింది. అంచు పొడిగా ఉంది. కప్పులోకి కాఫీ సన్నటి దారంలా జారింది. అక్క ఇంకా చెయ్యి తియ్యలేదు.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి బావే వెళ్లి ఎత్తాడు.

"రేపొస్తానండీ," అన్నాడు. "బట్ట పట్టుకోడానికి పక్కన ఒక మనిషిని పెట్టండి. గీత మాత్రం నేనే గీస్తాను."