షిఫ్టింగు వంద రోజుల గుండు

పలమనేరులో బస్సెక్కేటప్పటికి నా నెత్తిన చెవులు మూసేంత జుట్టుంది. తిరుపతి వెళ్ళి రావాలనుకునే సినిమా అభిమానులకు పనికొస్తుందని ఈ ప్రయాణం రాస్తున్నాను. బస్సులు, టిఫిన్లు, సత్రం, దారిలో ఆడుతున్న సినిమాలు, అన్నిటి మీదా నా అభిప్రాయం చెబుతాను. నచ్చకపోతే మీ ఖర్మ.

బయల్దేరడానికి కారణం నా నోరే. మా హీరో సినిమా చిత్తూరులో విడుదలైన రోజు, హాలు ముందు కర్పూరం వెలిగించి, అభిమాన సంఘం మొత్తం వింటుండగా, "ఇది వంద రోజులాడితే కొండకి పోయి గుండు కొట్టించుకుంటా" అని అరిచాను. ఆడింది. ఎలా ఆడిందన్నదే తగాదా. పెద్ద హాల్లో సగం రోజులాడి, జనం పల్చబడగానే అదే ఊళ్ళో చిన్న హాలుకి మారి, అక్కడ పొద్దుటి ఆట ఒక్కటే వేస్తూ మిగతా సగం లాక్కొచ్చింది. దీన్ని షిఫ్టింగు అంటారు. షిఫ్టింగు వంద రోజులు లెక్కలోకి వస్తాయా రావా అని మా జిల్లాలో చొక్కాలు చింపుకున్నవాళ్ళున్నారు. మాటలు మానుకున్న అన్నదమ్ములను నాకు తెలుసు.

ఇంతలో చిత్తూరు సంబంధం ఒకటి వచ్చింది. అమ్మా నాయనా పిల్లను చూసి వచ్చారు, వాళ్ళు నా ఫోటో చూసి సరేనన్నారు. ఆ ఫోటోలో మొహం తక్కువ, జుట్టెక్కువ. ఇక నేను వెళ్ళి చూడడమే మిగిలింది.

"మొక్కు తీర్చకుండా పెండ్లిమాట ఎత్తితే స్వామి ఊరుకుంటాడా? ముందు కొండకి పో. వచ్చేటప్పుడు చిత్తూర్లో దిగి పిల్లను సూసుకోని రా. ఒకే దావలో రెండు పన్లు" అన్నాడు నాయన. తోడుగా మా అక్క మొగుణ్ణి పంపాడు. బావ మంచివాడే గానీ అవతలి హీరో మనిషి.

పొద్దున ఆరింటి బస్సు. కిటికీ పక్కన బావ కూర్చుని, గాలికి జుట్టు చెదరకుండా తువ్వాలు బిగించి కట్టుకున్నాడు. ఆయనకు నడినెత్తిన వెంట్రుకలు పల్చబడ్డాయి. పక్కనున్న నాలుగూ పైకి దువ్వి దాన్ని కప్పుతుంటాడు. మొగిలి కనుమ దిగుతుండగా మొదలుపెట్టాడు.

"బామ్మర్దీ, ఒక్క మాట ఒప్పుకో. మీవోడి సినిమా వంద రోజులాడలేదని సెప్పు, సాలు. ఆడకపోతే మొక్కే లేదు. నీ జుట్టు నీకుంటాది, పెండ్లిసూపులకి దర్జాగా పోవచ్చు."

ఇదీ నా చిక్కు. ఆడలేదంటే జుట్టు దక్కుతుంది, మావాడి పరువు పోతుంది. ఆడిందంటే పరువు దక్కుతుంది, జుట్టు పోతుంది, దాంతోపాటు పిల్ల కూడా పోవచ్చు. ఇంతకీ సినిమా ఎలా ఉందంటారా? మీకు మాత్రమే చెబుతున్నాను, దరిద్రంగా ఉంది. తాత కావలసిన వయసులో మావాడు కాలేజీ పుస్తకం చంకలో పెట్టుకుని గెంతుతాడు. బుగ్గ మీద పుట్టుమచ్చ అంటించుకోగానే కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. ఎన్నిసార్లు చూశానో అన్నిసార్లూ ఏడుపొచ్చింది.

"ఆడింది బావా. వంద రోజుల పోస్టరేసినారు గదా" అన్నాను.

చిత్తూరులో దిగి బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ, వడ తిన్నాం. చట్నీ కారం, కాఫీ బాగుంది. ఎదురుగోడ మీద కౌబాయ్ సినిమా పోస్టరు కనిపించింది. కిందటి వారమే చూశాను. మన ఎండలో తోలు చొక్కాలేసుకుని, తోలు టోపీలు పెట్టుకుని గుట్టల్లో తిరుగుతారు, చూస్తున్న నాకే చెమట పట్టింది. తుపాకీలో గుళ్ళు అయిపోవు. పాటలో మాత్రం గుర్రం ఒక్కచోట కూడా తాళం తప్పలేదు. గుర్రం కోసం చూడవచ్చు.

మా బల్ల మీదే కోర్టు కాగితాల సంచీతో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. మా వాదన వింటూ వింటూ ఆగలేకపోయాడు.

"నా కేసు ఈ కోర్టు నుంచి ఆ కోర్టుకి మారినాది. మారితే కొత్త కేసయిపోతాదా? మొదులు పెట్టినప్పుడు నా మీసం నల్లగుండె. సినిమా గూడా అంతే అబ్బా. లెక్కే."

"హాలు మారితే ఆట మారినట్టే" అన్నాడు బావ.

"అయితే నన్ను మళ్ళా మొదట్నించి తిరగమంటావా?" అని ముసలాయన గ్లాసు బల్ల మీద ఠంగున కొట్టాడు. బావ ఇడ్లీ వైపు తల దించాడు.

మధ్యాహ్నానికి తిరుపతి చేరాం. సత్రంలో గది దొరికింది. ఫ్యాను లేదు, నల్లులున్నాయి. భోంచేసి మ్యాట్నీకి దెయ్యం సినిమా చూశాం. దెయ్యానికి తెల్లచీర ఇస్త్రీ చెడదు. హీరో గొంతు పట్టుకోవడానికి ముందు పూర్తిగా ఒక పాట, రెండు చరణాలు పాడుతుంది. ఆ లోపల వీడు పారిపోవచ్చు గదా? పారిపోడు, చెట్టుకానుకుని వింటాడు. నేను భయపడలేదు. బావ మాత్రం నా మోచెయ్యి వదల్లేదు.

సాయంత్రం మొదటి ఆటకు భక్తి సినిమా. జనం చెప్పులు హాలు బయట విడిచి వచ్చారు. తెర మీద స్వామి కనిపించగానే మా ముందు వరుసలో ఉన్న నాయుడుపేట ఆవిడ లేచి హారతిచ్చింది. రెండోసారి కనిపించాడు, మళ్ళీ ఇచ్చింది. పొగకి నాకు మూడో పాట కనిపించలేదు గానీ, వినిపించినంత వరకు బ్రహ్మాండం. ఇంటర్వెల్లో షిఫ్టింగు లెక్కలోకి వస్తుందా అని ఆవిడనే అడిగాను. మొత్తం విని, "ఊరేగింపుకని స్వామి గుడి వదిలి బయటికొస్తే, దేవుడు గాకుండా పోతాడా నాయనా?" అంది. ఆట అయ్యాక బయటికొస్తే బావ చెప్పులు లేవు.

మర్నాడు పొద్దున్నే కొండ బస్సెక్కాం. మలుపు మలుపుకీ బావ బతిమాలడం ఎక్కువైంది. ఎప్పుడూ నన్ను ఏడిపించే మనిషి గడ్డం పట్టుకుని అడుగుతున్నాడు. కల్యాణకట్ట వరుసలో ఆఖరి బేరం పెట్టాడు.

"పోనీ, మూడు కత్తెర్లిచ్చెయ్. మూడే మూడు కత్తిరింపులు. సగం ఆటకి అదే సరిపోతాది."

నాకు ఒళ్ళు మండింది. "సగమెందుకవుతాది బావా? నిండు వంద! గుండే!" అని వెళ్ళి కూర్చున్నాను. మంగలాయన నెత్తిన నీళ్ళు పోశాడు. జుట్టు ఒళ్ళో పడుతుంటే కళ్ళు చెమర్చాయి. గోవిందా అనబోయి మా హీరోకి జై అన్నాను. పక్కవాళ్ళు కూడా జై అన్నారు.

లేచి చూస్తే బావ నా చోట్లో కూర్చున్నాడు.

"ఏంది బావా ఇది?"

"మావోడి సినిమాకి నేనూ మొక్కినాను అబ్బా. అదీ షిఫ్టింగే. ఎవురికీ సెప్పలే." తువ్వాలు విప్పి, పైకి దువ్విన ఆ నాలుగు వెంట్రుకలూ ఆఖరిసారి సర్దుకున్నాడు. "నువ్వు లెక్కలోకి రాదంటే నాకూ తప్పిపోతాదని సూసినాను. నాది మళ్ళా మొలుస్తాదో లేదో తెలీదు గదరా! అయినా మీవోడికి నిండు వందయి, మావోడికి గాకుండా పోతాదా? గీకప్పా!"

దర్శనం చేసుకుని, గంధం రాసిన రెండు గుండ్లతో మూడో రోజు మధ్యాహ్నం చిత్తూరులో దిగాం. పిల్ల తండ్రి మామిడికాయల మండీలో గుమాస్తా. తలుపు తీసి, చేతిలో ఫోటో చూశాడు, మమ్మల్ని చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు.

"మీలో పెండ్లికొడుకు ఎవురప్పా?"

సిగ్గుతో చచ్చాను. చాప మీద కూర్చోబెట్టి ఉప్మా పెట్టారు. మొదటి ప్లేటు బావకిచ్చారు. పిల్ల వచ్చి ఎదురుగా కూర్చుంది, సన్నగా, చూపు సూటిగా ఉంది. గుండెందుకని తండ్రి అడిగితే, దాచడమెందుకని సినిమా పేరుతో సహా మొత్తం చెప్పేశాను. అయిపోయింది సంబంధం అనుకున్నాను.

"ఆ సినిమానా?" అంది పిల్ల. "ఆ చిన్నహాలు గోడా, మా వంటింటి గోడా ఒకటే. దినామూ పొద్దున పప్పు ఉడికేటప్పటికి ఆ తల్లి ఏడుపు మొదులవుతాది. మాటలన్నీ నాకు నోటికొచ్చేసినాయి. సినిమా ఏం బాగలేదు."

బావ నా వైపు చూశాడు. నేనేమంటానా అని పిల్ల కూడా చూసింది.

"నాకూ బాగలేదు" అన్నాను. ఆ మాట ఇంకో మనిషి ముందు అనడం అదే మొదలు. ప్రాణం హాయిగా ఉంది.

పిల్ల నవ్వింది. "బాగలేదు గానీ, ఆడినాది మాత్రం నిజం. ఒక్క దినం గూడా నిలపలే. నేను సాక్షి." తర్వాత తండ్రి వైపు తిరిగి, "జుట్టొచ్చినాక మళ్ళా ఒకసారి రమ్మను నాయనా. ఫోటోలో మనిషేనో కాదో సూడాల" అని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం పలమనేరు బస్సు. కనుమ ఎక్కుతుంటే రెండు నెత్తులకీ చల్లగాలి తగిలింది. మొత్తం మీద ప్రయాణం ఎలా ఉందంటే, కాఫీ బాగుంది, గుర్రం బాగుంది, సత్రం వద్దు, స్వామి దర్శనం బాగా అయింది. కానీ నా మనసు చిత్తూరులోనే ఉండిపోయింది.

"మళ్ళా రమ్మనిందంటే వద్దన్నట్టేనా బావా?" అని అడిగాను. ఏడుపొకటే తక్కువ.

బావ తన బోడినెత్తి తడుముకున్నాడు. మూడు రోజులుగా నాతో కొట్లాడిన మనిషి నా భుజం మీద చెయ్యేశాడు.

"పిచ్చోడా, అది షిఫ్టింగు. లెక్కలోకొస్తాది."